ఫీజు లేదు సరే, మిగతా ఖర్చు?

జెనీవాలోని ఐక్యరాజ్యసమితి కార్యాలయం పీజీ విద్యార్థులకు వేసవిలో నడిపే గ్రాడ్యుయేట్ స్టడీ ప్రోగ్రామ్ రెండు వారాలే. ఫీజు లేదు. విమానం టికెట్, వీసా, బస మాత్రం మనమే పెట్టుకోవాలి. జెనీవా ఏమో మహా ఖరీదైన ఊరు!

తెలంగాణ మైనారిటీ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ 20 లక్షల దాకా ఇస్తుంది గానీ, అది విదేశాల్లో పూర్తి పీజీ, పీహెచ్‌డీ చేసేవాళ్లకే. పైగా ఈ కోర్సు చేస్తే ఉద్యోగం వస్తుందన్న హామీ లేదు. ఐరాస సచివాలయంలో ఇంటర్న్‌షిప్‌కే జీతం ఇవ్వరు. అందుకే అప్పు చేసి హైదరాబాద్ నుంచి వెళ్లడం దండగ. ఇప్పటికే జర్మనీలోనో ఫ్రాన్స్‌లోనో చదువుతున్న మన పిల్లలైతే తప్పక అప్లై చేయాలి, వాళ్లకు వీసా గొడవ కూడా ఉండదు.

ఇక్కడున్నవాళ్లకు వేరే దారి ఉంది. ఐరాస ఆరు అధికార భాషల్లో అరబీ ఒకటి. ఖురాన్ చదివిన పిల్లలకు లిపి వచ్చినట్టే. మాట్లాడటం, రాయడం నేర్పే అరబీ విభాగాలు ఉస్మానియా, ఇఫ్లూ, మనూ మూడింట్లోనూ ఉన్నాయి.