పాత లెన్సు – కొల్లేటి సాక్ష్యం

120 ఫిలిం కాలం గడచినంత మాత్రాన ఆ కెమెరాల విడదీయదగిన లెన్సులను త్రోసిపుచ్చుట తగదు. 6×6 సెంటీమీటర్ల చిత్రానికై నిర్మించిన లెన్సు సుమారు 80 మిల్లీమీటర్ల వెలుగు వలయాన్ని పరుస్తుంది. 24×36 మిల్లీమీటర్ల డిజిటల్ సెన్సారుకు 43 చాలును. ఈ మిగులు వలననే టిల్ట్ అడాప్టరుతో లెన్సును వంచినా చిత్రపు అంచులు చీకటి కావు. ముందుకు వంచినచో షైంప్‌ఫ్లూగ్ సూత్రానుసారం స్పష్టతాతలం నీటిమట్టంవలె పరుండి, ఆటపాక గట్టుచెంత తూటాకు మొదలు దూరాన ఈదే గూడబాతుల వరకు తేటపడుతుంది.

కొందరు ఈ సాధనంతో పట్టణ వీధులను బొమ్మల కొలువుగా చూపి మురిసిపోతారు. అది వినోదం మాత్రమే. 2006లో చేపల చెరువుల గట్లను తెగగొట్టినా వివాదం తీరని కొల్లేటిని, నీరెంతవరకో గట్టెంతవరకో తెలియునట్లు, ఏటేటా ఒకే తావునుండి చిత్రించుట విద్య, రేపటికి సాక్ష్యం. కళాశాల సంఘంవారు ఒక అడాప్టరును సమకూర్చుదురు గాక! విద్యార్థులు ఆ బాధ్యతను స్వీకరింతురు గాక!