స్వచ్ఛ వాహనాలతోపాటు ధూళి లేని దారులూ అవసరం
పశ్చిమ కర్నూలుకు మార్గం చూపుతున్న హైదరాబాద్ ఉమ్మడి పరిశోధన

తక్కువ ఉద్గారాల వాహనాలను ప్రవేశపెట్టినంత మాత్రాన గాలి శుభ్రపడుతుందా? రెండు దశాబ్దాల క్రితం హైదరాబాద్‌లో జరిగిన పరిశోధన ఈ ప్రశ్నకు విలువైన సమాధానం ఇచ్చింది. కర్నూలు జిల్లాలోని ఆదోని, ఎమ్మిగనూరు, కోసిగి ప్రాంతాల రవాణా ప్రణాళికకు అది ఉపయోగపడగలదు.

అధ్యయనం తేల్చినది

సుప్రీంకోర్టు ఆదేశాల నేపథ్యంలో 2005లో హైదరాబాద్ గాలిలోని ధూళి కణాల మూలాలపై అధ్యయనం చేపట్టారు. కాలుష్య నియంత్రణ మండలితో దేశ విదేశాల శాస్త్రవేత్తలు కలిసి పనిచేశారు. మూడు కేంద్రాలలో, మూడు రుతువులలో 180 నమూనాలు సేకరించారు. పది మైక్రాన్ల లోపు కణాలలో 60 శాతానికి పైగా వాహనాల పొగ, రోడ్డు ధూళి నుండే వస్తున్నట్లు తేలింది. ఊపిరితిత్తులలోకి లోతుగా చేరే 2.5 మైక్రాన్ల లోపు కణాలకు వాహనాలతోపాటు పరిశ్రమలలో బొగ్గు వినియోగం, చెత్త దహనం కూడా కారణమని వెల్లడైంది. నగర కార్యాచరణ ప్రణాళికకు ఈ ఫలితాలే ఆధారమయ్యాయి.

2020 ఏప్రిల్ నుండి దేశమంతటా భారత్ స్టేజ్-6 ప్రమాణాలు అమలులోకి వచ్చాయి. 2022లో తిరుపతి–తిరుమల మార్గంలో విద్యుత్ బస్సులు ప్రారంభమయ్యాయి. విద్యుత్ బస్సు పొగ వదలదు. అయితే చక్రాల కింద లేచే దుమ్మును, టైర్ల అరుగుదలను అది ఆపలేదు.

కోసిగి పరిస్థితి

2019లో ప్రారంభమైన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం కింద రాష్ట్రంలోని 13 నగరాలు ఎంపికయ్యాయి. వాటిలో కర్నూలు ఉన్నది. ఆదోని, ఎమ్మిగనూరు లేవు. వర్షాభావ ప్రాంతమైన ఇక్కడ మట్టి అంచుల రోడ్లపై పత్తి లారీలు, ట్రాక్టర్లు, ఆటోలు తిరుగుతాయి. కోసిగి, ఆదోనిలకు గుంతకల్–రాయచూర్ రైలు మార్గం ఉన్నది. ఎమ్మిగనూరుకు రైలు లేనందున రోడ్డే ఆధారం. పనుల కోసం ఏటా వలస వెళ్ళే కుటుంబాలు, రోడ్డు పక్క చిరు వ్యాపారులు ఈ దుమ్మును ఎక్కువగా పీల్చవలసి వస్తున్నది.

చేపట్టదగిన చర్యలు

మహానగరపు లెక్కలను యథాతథంగా ఈ ప్రాంతానికి అన్వయించడం సరికాదు. ఇక్కడి మట్టి, గాలులు, వాహనాల తీరు వేరు. కనుక ఆదోని, ఎమ్మిగనూరు బస్టాండ్లు, కోసిగి ప్రధాన రహదారి వద్ద రుతువుల వారీగా నమూనాలు సేకరించడం మొదటి మెట్టు. ఈ పనిలో కాలుష్య నియంత్రణ మండలి, ఆర్టీసీ, రహదారులు–భవనాల శాఖ, పురపాలక సంఘాలు, విశ్వవిద్యాలయాలు కలిసి రావలసి ఉన్నది.

వార్షిక సగటున ఘనపు మీటరు గాలిలో పది మైక్రాన్ల లోపు కణాలు 60 మైక్రోగ్రాములు మించరాదని 2009 జాతీయ ప్రమాణాలు నిర్దేశించాయి. రోడ్డు అంచులను గట్టిపరచడం, పేరుకున్న మట్టిని తొలగించడం, రైలు వేళలకు అనుగుణంగా బస్సులు నడపడం వంటి చర్యలకు విద్యుత్ బస్సుల రాక వరకు వేచి ఉండనవసరం లేదు. విద్యుత్ బస్సులు వచ్చిన తరువాత కూడా ఈ చర్యలు కొనసాగితేనే ఆశించిన ఫలితం దక్కుతుంది.