రేర్ ఎర్త్ లేని అయస్కాంతానికీ నిధులివ్వాలి

2025 ఏప్రిల్ 4న చైనా డిస్ప్రోసియం, టెర్బియం, సమేరియం సహా ఏడు రేర్ ఎర్త్ మూలకాల ఎగుమతికి లైసెన్సు తప్పనిసరి చేసింది. కొద్ది వారాల్లోనే మన వాహన కంపెనీలకు ఆ మూలకాలతో చేసే అయస్కాంతాల సరఫరా నిలిచిపోయింది. మోటారులో ఆ అయస్కాంతం ముక్క బరువు ఎంతో ఉండదు, అది రాకపోతే మాత్రం బండి తయారీ ఆగిపోతుంది. నవంబరులో కేంద్రం రూ.7,280 కోట్ల పథకాన్ని ఆమోదించింది. ఏడాదికి 6 వేల టన్నుల రేర్ ఎర్త్ అయస్కాంతాలను ఇక్కడే తయారు చేయించడం దాని లక్ష్యం. అవసరమైన నిర్ణయమే. అయితే ఆ మూలకాల అవసరమే లేని మిశ్రలోహాలపైనా అంతే పట్టుదల చూపాలి.

కొరత నుంచి కొత్త అయస్కాంతం పుట్టడం లోగడ జరిగిందే. 1978లో జైర్ (నేటి డీఆర్ కాంగో)లోని షాబా ప్రాంతంలో చెలరేగిన యుద్ధంతో కోబాల్ట్ ధర ఆకాశాన్నంటింది. అప్పటి అయస్కాంత మిశ్రలోహం ఆల్నికోకూ సమేరియం అయస్కాంతానికీ కోబాల్టే ఆధారం. దాన్ని వదిలించుకునే ప్రయత్నాలు ఊపందుకున్నాయి. జపాన్‌లో మసాటో సగావా, అమెరికాలో జాన్ క్రోట్ 1980ల తొలినాళ్లలో విడివిడిగా నియోడిమియం-ఇనుము-బోరాన్ అయస్కాంతాన్ని సాధించారు. ఇప్పుడు చిక్కు తెచ్చిపెట్టింది అదే.

నిజానికి ఇనుముకు అయస్కాంత బలం తక్కువేమీ కాదు. దాన్ని ఒకే దిశలో నిలుపుకోవడమే దానికి చేతకాదు. దాని స్ఫటికం ఘనాకారం కాబట్టి అయస్కాంత దిశ తేలిగ్గా మళ్లిపోతుంది. రేర్ ఎర్త్ మూలకమైన నియోడిమియం ఆ దిశను బిగించి పడుతుంది. మోటారు వేడెక్కినా ఆ పట్టు సడలకుండా చూసేది డిస్ప్రోసియం. ఇవి లేకుండా కుదరాలంటే పరమాణువుల అమరికే మారాలి. ఉల్కల్లో దొరికే టెట్రాటేనైట్‌లో ఇనుము, నికెల్ పరమాణువులు ఒక పొర విడిచి ఒక పొరగా ఉంటాయి. ఆ వరస దాదాపు 320 డిగ్రీలు దాటితే చెదిరిపోతుంది. అంతకన్నా తక్కువ వేడిలో పరమాణువులు దాదాపు కదలవు. అందుకే ప్రకృతికి లక్షల ఏళ్లు పట్టింది. ఫాస్ఫరస్ కలిపి పోతపోస్తే ఆ అమరిక త్వరగా ఏర్పడుతుందని 2022లో కేంబ్రిడ్జి పరిశోధకులు ప్రకటించారు. అది మోటారులో బిగించే అయస్కాంతంగా మారడం ఇంకా చాలా దూరం.

అమెరికాలోని మిన్నెసోటాలో నైరాన్ సంస్థ ఐరన్ నైట్రైడ్‌ను మార్కెట్‌కు తెచ్చే పనిలో ఉంది. ముడిసరుకు ఇనుము, నైట్రోజనే. కానీ 200 డిగ్రీలు దాటితే అది విచ్ఛిన్నమవడం మొదలవుతుంది. పొడిని కొలిమిలో కాల్చి గట్టిపరిచే మామూలు పద్ధతి దీనికి పనికిరాదు. మాంగనీస్-బిస్మత్ మిశ్రలోహానిది వేరే తీరు. వేడెక్కే కొద్దీ దాని పట్టు పెరుగుతుంది, బలం మాత్రం తక్కువ.

వీటిలో ఏదీ నియోడిమియంకు సాటి రాలేదు. రానవసరం కూడా లేదు. చవకైన ఫెర్రైట్‌కూ నియోడిమియంకూ బలంలో దాదాపు పది రెట్ల తేడా ఉంది. ఆ నడుమ బలం సరిపోయే పంపులు, ఫ్యాన్లు, చిన్న మోటార్లు ఎన్నో. హైదరాబాద్‌లో లోహ, పదార్థ పరిశోధన సంస్థలు డీఎంఆర్‌ఎల్, ఏఆర్‌సీఐ ఉన్నాయి. విశాఖలో ప్రభుత్వ రంగ సంస్థ ఐఆర్‌ఈఎల్ సమేరియం-కోబాల్ట్ అయస్కాంతాల ప్లాంటు ఉంది. ఈ అనుభవాన్ని ఒకచోటికి చేర్చి, పదేళ్లపాటు కోత పడని నిధులు ఇవ్వాలి. ప్రయోగశాలలో తయారైన గ్రాముల పొడిని కిలోల అయస్కాంతంగా మార్చి చూసే ఉమ్మడి పైలట్ ప్లాంటును హైదరాబాద్‌లో పెట్టాలి.