రంపం మిషను దగ్గర మొగమాటం తగదు

పాత పెంకుటిళ్లు విప్పి డాబాలు కట్టుకోవడం పల్లెల్లో ఎక్కువైంది. విప్పిన దూలాలు, వాసాలు, ద్వారబంధాలు ఊరి వడ్రంగి షెడ్డుకు చేరుతున్నాయి. పాత టేకు, వేప కలపను పారవేయకుండా కోయించి వాడుకోవడం మంచిదే. అయితే ఆ కలపలో తలలు తెగిన మేకులు, తుప్పు పట్టిన మరలు, గోడలోని ఇసుక ఉంటాయన్న సంగతి తెచ్చినవారికి పట్టడం లేదు. "రెండు కోతలే కదా" అని వారు తొందరపెట్టడం, తెలిసినవారిని కాదనలేక వడ్రంగి మిషను వేయడం, బ్లేడు పళ్లు రాలిపోవడం మామూలైపోయింది.

బ్యాండ్‌సా మిషనులో రెండు చక్రాల మీద ఉక్కుపట్టీ వంటి రంపం తిరుగుతుంది. మేకు తగిలితే బ్లేడు మార్చి మళ్లీ స్విచ్చి వేయడంతో సరిపోతుందని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. దెబ్బ బ్లేడుతోనే ఆగదు. విరిగిన పన్ను చక్రం మీది రబ్బరులో దిగబడవచ్చు. బ్లేడును దారిలో నిలిపే గైడ్లు జరిగిపోవచ్చు. పచ్చి కర్ర కోస్తే జిగురు పట్టిన పొట్టు రబ్బరు మీద గట్లు కడుతుంది. అటువంటి చక్రాల మీద కొత్త బ్లేడు కూడా అదురుతుంది. కోత వంకర పోతుంది. వంకర సరిచేయాలని కర్రను బలంగా నెట్టినప్పుడే చెయ్యి జారుతుంది. బ్లేడు పోతే మరొకటి కొనవచ్చు, వేళ్లు పోతే వడ్రంగి ఇల్లు గడవదు.

చేయవలసినది అరగంట పని. ముందు మెయిన్ ఆపి, ఫీజు తీసి జేబులో వేసుకోవాలి. బిగువు వదిలి బ్లేడు తీయాలి. బ్లేడు తీసేటప్పుడు తోలు తొడుగులు వేసుకోవచ్చు గాని, మిషను తిరిగేటప్పుడు చేతికి తొడుగు, మెడలో తుండుగుడ్డ ఉండరాదు. చక్రాల వెనుక, కింది పెట్టెలో చేరిన పొట్టును కుంచెతో ఊడ్చి ఎత్తివేయాలి. రబ్బరు మీది గట్లను చెక్క ముక్కతో గీకాలి. ఉలి పెడితే రబ్బరు తెగుతుంది. బ్లేడుకు పట్టిన జిగురును టర్పెంటైన్ గుడ్డతో తుడవాలి. ఆ దరిదాపుల్లో బీడీ వెలిగించరాదు. పళ్ల మొదట్లో పగులు కనిపిస్తే ఆ బ్లేడుకు సాన పట్టించడం దండగ. చక్రాన్ని చేత్తో తిప్పినప్పుడు బేరింగు గరగరమంటే దాన్ని మార్చాలి. బ్లేడు ఎక్కించాక కూడా నాలుగు చుట్లు చేత్తోనే తిప్పి, అది చక్రం మీద కుదురుగా నడుస్తున్నదని చూసి, గైడ్లు బిగించి, తలుపులు మూశాకే కరెంటు ఇవ్వాలి. రాత్రి పని ముగిశాక బిగువు వదిలి ఉంచితే బ్లేడు, రబ్బరు కూడా ఎక్కువ కాలం మన్నుతాయి.

1948 నాటి ఫ్యాక్టరీల చట్టం తిరిగే యంత్రాలకు రక్షణ కంచె ఉండాలని విధించింది. కాని ఇద్దరు ముగ్గురు పనిచేసే షెడ్లు దాని కిందికి రాలేదు. అటువంటి చోట జాగ్రత్త చెప్పేవారు ఉండరు. ఎవరి జాగ్రత్త వారిదే.

కేంద్ర ప్రభుత్వం 2023 సెప్టెంబరు 17న ప్రారంభించిన విశ్వకర్మ పథకంలో వడ్రంగులతో సహా 18 వృత్తుల వారికి శిక్షణ, పనిముట్లకు రూ. 15,000, 5 శాతం వడ్డీకి మొదట లక్ష, తరువాత రెండు లక్షల రూపాయల వరకు రుణం ఏర్పాటు చేశారు. ఇది మెచ్చదగినది. అయితే అప్పు చేసి కొన్న మిషను మూలపడినా వాయిదా ఆగదు. కనుక ఎటువంటి శిక్షణలోనైనా మిషను నడపడంతోపాటు విప్పి, శుభ్రపరచి, తిరిగి అమర్చడం కూడా చేయించి చూపాలి.

అంతకంటె ముఖ్యం, ఊళ్లోని వడ్రంగులందరూ ఒక కట్టుబాటుకు రావడం. ఒకరు కాదంటే కలప పక్క షెడ్డుకు పోతుందన్న భయమే ఈ మొగమాటానికి మూలం. పాత కలపలోని మేకులు తెచ్చినవారే పీకించాలి. అయస్కాంతం తిప్పి చూడనిదే ఏ షెడ్డులోనూ కోయరాదు. అయినా మేకు తగిలితే బ్లేడు ఖర్చు కలప వారిది, మిషను శుభ్రం చేసే బాధ్యత వడ్రంగిది. ఆ అరగంట ఎంతటివారైనా ఆగవలసిందే. ఈ నాలుగు మాటలు షెడ్డు తలుపు మీద రాసిపెడితే ఎవరికీ ఎవరితోనూ మాట పట్టింపు ఉండదు.