ఆ స్క్రూడ్రైవర్ లాక్కోకండి



పోయిన పేరెంట్స్ మీటింగుకి కొల్లేరు వైపు నుంచి వచ్చిన ఒక నాన్నగారు, "మావాడు ఇంట్లో ఏ వస్తువునీ ఉండనివ్వట్లేదండి మేడమ్. మొన్న హోమ్ థియేటర్ స్పీకర్ విప్పేశాడు. మీరు గట్టిగా చెప్పండి" అన్నారు. చెప్పాను. ఆ ఎనిమిదో తరగతి అబ్బాయి స్క్రూడ్రైవర్ వదిలేశాడు. దాంతోపాటే క్లాసులో ప్రశ్నలడగడమూ మానేశాడు. తప్పు చేశానని అప్పుడు తెలిసింది. అందుకే ఈ నాలుగు మాటలు.

బోస్ స్పీకర్ల పేరు మీలో చాలామంది వినే ఉంటారు. ఆ పేరు వెనకున్న మనిషి అమర్ గోపాల్ బోస్. బ్రిటిష్ ప్రభుత్వం నుంచి తప్పించుకుని అమెరికా చేరిన బెంగాలీ స్వాతంత్ర్య యోధుడి కొడుకు. 1929లో ఫిలడెల్ఫియాలో పుట్టారు. రెండో ప్రపంచ యుద్ధంతో తండ్రి దిగుమతి వ్యాపారం దెబ్బతింటే, ఈ కుర్రాడు ఇంటి కింది గదిలో రేడియోలు బాగుచేసి కుటుంబానికి ఆసరా అయ్యాడు. ఏదీ ముట్టుకోనివ్వని ఇల్లయితే ఆ పని ఎక్కడ నేర్చుకునేవాడు?

ఎం.ఐ.టి.లో డాక్టరేట్ దాకా చదివి, 1956లో మంచి స్టీరియో కొనుక్కున్నారు. కాగితం మీద లెక్కలన్నీ బాగున్నాయి. వింటే మాత్రం కచేరీ హాల్లో విన్నట్టు లేదు. చిన్నప్పుడు వయొలిన్ నేర్చుకున్న చెవి ఒప్పుకోలేదు. కారణం వెతికితే, హాల్లో మనకు చేరే ధ్వనిలో ఎక్కువ భాగం గోడలకు, పైకప్పుకు తగిలి వచ్చేదేనని తేలింది. 1964లో కంపెనీ పెట్టారు. మొదటి స్పీకర్ 2201 అమ్ముడుపోలేదు. 1968లో వచ్చిన 901 పేరు తెచ్చింది. ఒక్కో పెట్టెలో తొమ్మిది చిన్న స్పీకర్లు: ఒకటి వినేవారి వైపు, ఎనిమిది గోడ వైపు. దాన్ని మెచ్చనివారూ ఉన్నారు. ఆయన మాత్రం తన చెవికి వచ్చిన సందేహాన్ని వదల్లేదు. అంత కంపెనీ నడుపుతూనే 2001 దాకా ఎం.ఐ.టి.లో పాఠాలు చెప్పారు. 2011లో కంపెనీ వాటాల్లో అధిక భాగం ఆ విద్యాసంస్థకే ఇచ్చేశారు. 2013లో కన్నుమూశారు.

"అదంతా సరే, ర్యాంకు మాటేమిటి మేడమ్?" అంటారు. న్యాయమే. ఒక్క రాత్రి చెరువులో ఆక్సిజన్ పడిపోతే ఏడాది కష్టం పోయే ఊళ్ల నుంచి ఫీజులు కడుతున్నారు మీరు. కానీ స్పీకర్‌లో ఉన్నదేమిటి? ఒక అయస్కాంతం, ఒక తీగచుట్ట, ఒక కాగితపు కోన్. కరెంటు మారుతుంటే చుట్ట ముందుకీ వెనక్కీ కదులుతుంది, కోన్ గాలిని కదుపుతుంది. పదో తరగతిలో వచ్చే విద్యుత్ అయస్కాంత పాఠం ఇదే. చేత్తో పట్టుకుని చూసినవాడికి దీన్ని బట్టీ పట్టే పని ఉండదు. మన నూజివీడులో పనస దుంగను తొలిచి వీణ చేసేవారి చేతుల్లో ఉన్నదీ ధ్వనిశాస్త్రమే.

నేను అడిగేది ఆదివారం ఒక గంట. పాడైపోయి, కరెంటుకి తగిలించని పాత స్పీకర్ పెట్టె ఒకటి ఇవ్వండి. పక్కన మీరూ కూర్చోండి. టీవీ, ఇన్వర్టర్, ఫోన్ బ్యాటరీ, మోటారు స్టార్టర్ జోలికి మాత్రం పోనివ్వకండి. తిరిగి బిగించడం రాకపోయినా తిట్టకండి.

ఆ అబ్బాయికి సారీ చెప్పాను. తాడేపల్లిగూడెంలో మా ఇంట్లో మూలనపడ్డ స్పీకర్ తెచ్చిచ్చాను. రెండు రోజులు ముట్టుకోలేదు. మూడో రోజు విప్పి, "మేడమ్, ఈ కాగితానికి చిల్లు పడితే పాట ఎలా వినపడుతుంది?" అన్నాడు. చాలా రోజుల తర్వాత వాడడిగిన మొదటి ప్రశ్న అది. నాకూ తెలియదు, చిల్లు పెట్టి విందాం రా అన్నాను.