పట్టా పుచ్చుకున్నాక ఊరు నేర్పిన పాఠాలు

యూనివర్సిటీ చదువు ముగించి ఊళ్లకు తిరిగొచ్చి, సొంత చెక్కో కౌలు చెక్కో సాగు చేసుకుంటూ సంఘంలో పనిచేస్తున్న వాళ్లం మేం. మాలో వ్యవసాయ డిగ్రీ చదివినవాళ్లూ, కామర్స్ చదివినవాళ్లూ ఉన్నారు. ‘ఇంత చదివీ మళ్లీ పొలంలోకేనా?’ అని ఇప్పటికీ అడుగుతుంటారు. ఈ చదువుతో ఊళ్లో చేయాల్సిన పని చాలా ఉందన్నదే మా జవాబు. తరగతిలో చెప్పని పాఠాలు కొన్ని ఇక్కడే నేర్చుకున్నాం.

మొదటిది లెక్క. దిగుబడి పెంచితే రైతు బాగుపడతాడని తరగతిలో విన్నాం. ఎంత పండిందన్న లెక్క సగమే, ఏ ఖర్చు మీద ధర కట్టారన్నది మిగతా సగం. 2024-25 ఖరీఫ్‌లో సాధారణ రకం వరికి కేంద్రం క్వింటాలుకు రూ.2,300 మద్దతు ధర ప్రకటించింది. చేతి ఖర్చు, ఇంటివాళ్ల కష్టం కలిపి రూ.1,533గా తీసుకుని దానిపై సగం కలిపారు. సొంత భూమికి కౌలు విలువ, పెట్టుబడికి వడ్డీ కూడా కలిపితే ఖర్చు రూ.2,008 అవుతుంది. స్వామినాథన్ కమిషన్ సూత్రాన్ని ఈ ఖర్చుకు వర్తింపజేస్తే రూ.3,012 రావాలి. తేడా రూ.712. ఎకరాకు 75 కిలోల బస్తాలు 30 పండించే రైతు రూ.16,020 నష్టపోతున్నట్టే.

రెండోది కాగితం. మాకు డిగ్రీ పట్టా ఉంది. ఊళ్లో చెల్లేది మాత్రం భూమి పట్టా. దున్నేది, నాటేది, కోసేది కౌలు రైతే అయినా పంట రుణానికి పాసు పుస్తకం అడుగుతారు. ఆంధ్రప్రదేశ్‌లో 2011 చట్టం కింద యజమాని సంతకం లేకుండానే రుణ అర్హత కార్డుకు దరఖాస్తు చేసుకునే వీలుండేది. 2019లో వచ్చిన పంట సాగుదారు హక్కుల చట్టం ఆ సంతకాన్ని తప్పనిసరి చేసింది. సంతకం పెడితే భూమి పోతుందేమోనని యజమాని భయం. ఆ కార్డు గడువు 11 నెలలే, దానివల్ల భూమిపై కౌలుదారుకు ఏ హక్కూ రాదు. ఈ మాట ఇంటింటికీ వెళ్లి చెప్పాలి. సకాలంలో కడితే బ్యాంకు పంట రుణం 4 శాతం వడ్డీకే పడుతుంది. కార్డు లేనివాడు నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చుకుంటే, లక్షకు ఏడాదికి రూ.4,000 కట్టాల్సిన చోట రూ.24,000 కడతాడు.

మూడోది బిల్లు. విత్తనం మొలవకపోతే విధి అనుకుని ఊరుకోనక్కర్లేదు. రైతు కూడా వినియోగదారుడేనని, నష్టపరిహారం కోసం వినియోగదారుల కోర్టుకు వెళ్లవచ్చని 2012లో సుప్రీంకోర్టు తేల్చింది. అది మన ఉమ్మడి రాష్ట్ర రైతుల కేసే. కొన్న విత్తనమంతా చల్లేసిన రైతు పరీక్షకు నమూనా దాచి ఉంచాలనడం సరికాదనీ చెప్పింది. అయితే బిల్లు లేనిదే కేసు నిలవడం కష్టం. దుకాణదారు తెల్లకాగితం మీద రాసిచ్చే చీటీ బిల్లు కాదు. బిల్లూ, ఖాళీ సంచీ, దాని లేబులూ పంట చేతికొచ్చేదాకా పదిలంగా ఉంచాలి.

నాలుగోది, అన్నిటికన్నా పెద్దది: తెలిసినంత మాత్రాన జరగదు. వడ్లలో తేమ 17 శాతం వరకు ఉండొచ్చన్నది నిబంధన. కాటా దగ్గర ఒక్క రైతు ఆ మాటంటే ‘ఇష్టమైతే అమ్ము, లేకుంటే తీసుకుపో’ అంటారు. అదే మాట ఇరవై మంది కలిసి అంటే తేమ మిషను బయటికొస్తుంది, తరుగు తగ్గుతుంది. పరీక్షలు ఎవరివి వాళ్లు రాసుకున్నాం గానీ, ఇక్కడ ఒంటరిగా నెగ్గిన పరీక్ష ఒక్కటీ లేదు.

అందుకే గ్రామ శాఖలకు మా విన్నపం. మీ ఊళ్లో డిగ్రీ చదివిన ఆడపిల్లలు, మగపిల్లలు ఎవరెవరున్నారో చూడండి. నెలకో సాయంత్రం రచ్చబండ దగ్గర కూర్చోబెట్టండి. కౌలు కార్డు దరఖాస్తులు రాయించండి, బిల్లులు చూపించండి, సాగు ఖర్చు లెక్క కట్టించండి. మా చదువుకు ఊరి డబ్బూ, అమ్మానాన్నల చెమటా ఖర్చయ్యాయి. ఆ బాకీ తీర్చే దారి ఇదే.