పోయినేడాది లెక్క: ఒక పుస్తకం, ఒక ప్రయాణం, ఒక సినిమా

ప్రతి జనవరిలోనూ నేనో లెక్క వేసుకుంటాను. పోయినేడాది ఏం చదివాను, ఎక్కడ తిరిగాను, ఏం చూశాను అని. ఆఫీసు అప్రైజల్‌లో ఎలాగూ లేనిపోనివన్నీ రాస్తాం, కనీసం ఇక్కడైనా నిజాలు రాద్దామని :)

ముందు ఓడిపోయిన వాటి సంగతి చెప్పేస్తే ఓ పనైపోతుంది. 'డిజైనింగ్ డేటా ఇంటెన్సివ్ అప్లికేషన్స్' మూడోసారి మొదలెట్టి, మూడోసారీ ఐదో అధ్యాయం రెప్లికేషన్ దగ్గరే ఆపేశాను. ఆఫీసు జనంతో గండికోట వెళ్ళొచ్చాం. పెన్నా లోయ అద్భుతం, కాదనను. కానీ పద్నాలుగు మందిలో పదమూడు మంది దానికి వీపు పెట్టి నిలబడితే, పద్నాలుగోవాణ్ణి నేను ఫొటోలు తీస్తూ గడిపాను. సినిమాల్లో 2024లో వచ్చిన '35 చిన్న కథ కాదు' చాలా నచ్చింది. సున్నాకి విలువ లేనప్పుడు ఒకటి పక్కన పెడితే పది ఎలా అవుతుందని అడిగే కుర్రాడి కథ. మా నాన్న ముప్పై నాలుగేళ్ళు లెక్కల మాస్టారుగా పనిచేశారు. ఆయన ఆ సినిమా రెండుసార్లు చూశారు.

ఇహ అసలు సంగతి. నాకు బాగా పట్టుకున్న పుస్తకం ఏనుగుల వీరాస్వామయ్య గారి 'కాశీయాత్ర చరిత్ర'. తెలుగులో మొట్టమొదటి యాత్రాచరిత్రగా దీన్నే చెప్తారు. పేరు ఎప్పట్నించో విన్నాను గానీ, ఏదో భక్తి పుస్తకం అనుకుని వదిలేశాను. తీరా తెరిస్తే అబ్బో! ఆయన మద్రాసు సుప్రీంకోర్టులో హెడ్ ఇంటర్‌ప్రిటర్. అంటే మనలాంటి ఉద్యోగస్తుడే. కంపెనీ కూడా అసలు సిసలు కంపెనీయే! 1830 మే 18న బయల్దేరి 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరాడు. పదిహేను నెలల పైన సెలవు! హైదరాబాదు, నాగపూరు, జబల్‌పూరు, ప్రయాగ మీదుగా కాశీకి పల్లకీలో వెళ్ళాడు. ఏ మజిలీలో నీళ్ళు బావున్నాయి, ఎక్కడ అంగళ్ళు ఉన్నాయి, ఏ దారి రాళ్ళమయం, ఏ ఏరు ఎలా దాటాలి... ఒక్కటీ వదల్లేదు. ప్రొడక్షన్ లాగ్ చదువుతున్నట్టే ఉంటుంది. వెనక వచ్చేవాడికి పనికొస్తుందనే రాశాడు మరి. భాష పాతది, మొదటి ఇరవై పేజీలు కాస్త ఓపిక పట్టండి.

ఆ పుస్తకం నా చేతికొచ్చింది కాశీ వెళ్ళే ముందే. నాన్న 2015లో రిటైరయ్యారు. ఆ వారంలోనే "ఒరే, ఓసారి కాశీ వెళ్ళొద్దాం" అన్నారు. "అలాగే నాన్నా, ఈ రిలీజ్ అవనీ" అన్నాను. ఆ తర్వాత ఆన్‌సైట్ వచ్చింది, తర్వాత క్లౌడ్ మైగ్రేషన్, తర్వాత కరోనా, తర్వాత ఇంకో రిలీజ్. నా సెలవులు మాత్రం భద్రంగా పోగుపడుతూనే ఉన్నాయి. మనవాళ్ళలో ఒక విచిత్రం చూశాను. "నాకు నలభై రోజులు సెలవులు మిగిలాయి తెలుసా" అని బ్యాంకు బ్యాలెన్సు చెప్పినట్టు గొప్పగా చెప్పుకుంటాం. నేనూ చెప్పినవాణ్ణే. ఇప్పుడు ఎవరైనా అలా అంటే ఆ నలభై రోజులూ ఎవరివో అడగాలనిపిస్తుంది.

విమానంలో రెండు గంటల్లో వెళ్ళిపోవచ్చంటే నాన్న ఒప్పుకోలేదు. సికింద్రాబాదులో దానాపూర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. నాగపూరు, జబల్‌పూరు వస్తుంటే నేను వీరాస్వామయ్య అక్కడ రాసింది చదివి వినిపించడం, ఆయన కిటికీలోంచి చూస్తూ "ఊఁ" కొట్టడం. నా చిన్నప్పుడు ఇది తిరగేసి జరిగేది. ఇటార్సీ దగ్గర నాకు ఆఫీసు కాల్ వచ్చింది. తలుపు దగ్గర నిలబడి నలభై నిమిషాలు మాట్లాడి వచ్చేసరికి ఆయన పుస్తకం గుండెల మీద పెట్టుకుని నిద్రపోయారు. పేజీ మడతపెట్టి ఉంది. మొగల్‌సరాయ్‌లో దిగాం. 2018లో స్టేషన్ పేరు మార్చినా నాన్నకి అది మొగల్‌సరాయే.

కాశీలో ఏం చూశామో చెప్పను, అవన్నీ అందరూ చూసేవే. కేదార్ ఘాట్ సంగతి ఒక్కటే చెప్తాను. మెట్లు బాగా నిటారుగా ఉంటాయి. నాన్న రెండు మెట్లు దిగి ఆగిపోయారు. మోకాళ్ళు. పట్టుకుంటానన్నా, మనుషుల్ని మాట్లాడతానన్నా వద్దన్నారు. పైమెట్టు మీద తువ్వాలు పరుచుకుని కూర్చుని "నువ్వెళ్ళి మునిగి రా" అన్నారు. వెళ్ళాను. మూడు మునకలు వేసి, రాగి చెంబుతో నీళ్ళు తెచ్చి ఆయన తల మీద పోశాను. 2015లో అయితే ఆయనే నన్ను చెయ్యి పట్టుకుని దించేవారు. చాలాసేపు మాట్లాడకుండా కూర్చుని "ఎన్ని మెట్లున్నాయిరా?" అన్నారు. లెక్కపెట్టలేదన్నాను. "లెక్కపెడితే పోయేదిగా" అన్నారు.

అన్నట్టు, కాశీలో ఏదైనా ఇష్టమైనది వదిలేసి రావాలంటారు కదా. మా ఆవిడ ఫోన్లో నన్ను ల్యాప్‌టాప్ వదిలేసి రమ్మంది. నాన్న పనసకాయ వదిలేశారు. నేను జామపండు అన్నాను. ఎక్కువ కష్టం లేకుండా :)

ఇంటికొచ్చాక నాన్నా నేనూ 'ముక్తి భవన్' చూశాం. 2016 నాటి హిందీ సినిమా, శుభాశీష్ భుటియానీ దర్శకుడు. తనకి చివరి రోజులు దగ్గరపడ్డాయని ఓ ముసలాయన కాశీకి ప్రయాణం కడతాడు. ఉద్యోగం, ఫోన్లు వదల్లేని కొడుకు తప్పక వెంట వెళ్తాడు. అక్కడ సత్రంలో గదికి పదిహేను రోజులే గడువు. వినడానికి విషాదంలా ఉంటుంది గానీ చాలాచోట్ల నవ్వొస్తుంది. తండ్రిగా లలిత్ బెహల్, కొడుకుగా ఆదిల్ హుస్సేన్. ఆదిల్ హుస్సేన్ ఫోన్ పట్టుకుని సిగ్నల్ కోసం తంటాలు పడుతుంటే మా నాన్న పగలబడి నవ్వారు. తర్వాత నా వైపు తిరిగి చూసి ఇంకా నవ్వారు. నాకు ఆ సీన్ అంత నవ్వు రాలేదు. మీరు చూస్తే మాత్రం ఇంట్లో పెద్దవాళ్ళతో కలిసే చూడండి.

గంగ చెంబు ఇప్పుడు దేవుడి గదిలో ఉంది. అది రామేశ్వరం తీసుకెళ్ళి అక్కడ అభిషేకం చేయిస్తేగానీ యాత్ర పూర్తి కాదట. 2025 ఏప్రిల్లో మొదలైన కొత్త పంబన్ వంతెన మీద రైల్లోనే వెళ్ళాలని కూడా షరతు పెట్టారు. మార్చికి ఆరు రోజులు సెలవు పెట్టాను. ఇంకా అప్రూవ్ కాలేదు. టికెట్లు మాత్రం తీసేశాను.